వేలు లోపలున్నంతసేపు

మా మావయ్యగారు పోయారు. ఆ కబురు ఇంట్లో అందరికంటే ముందు మా పాలవాడికి తెలిసింది. రోజూ పొద్దున్నే గేటు పక్కన పేము కుర్చీలో కూర్చుని, గాజు గ్లాసులో పాలు పోయించుకుని, వెలుతురుకి ఎత్తి చూసి, "ఆజ్ కౌన్‌సే నల్ కా హై?" అని, ఇవాళ ఏ కుళాయి నీళ్ళు కలిపావని హిందీలో అడగడం ఆయనకి అలవాటు. పోయిన వారం పాలవాడు గ్లాసు నింపుకుని చాలాసేపు నిలబడ్డాడట. ఆయన చెయ్యి చాచలేదు. నిద్రపోతున్నారనుకున్నాడు గానీ, ఆ మాట పడకుండా వెళ్ళడానికి కాళ్ళు రాలేదట. లోపలికొచ్చి, బాబూజీ ఇవాళ నీళ్ళ సంగతి అడగలేదు బహూజీ అని హిందీలో మెల్లగా అన్నాడు. నాకు అక్కడే అర్థమైపోయింది.

ఊరంతా చెప్పుకునే పెద్దమనిషేం కారు మావయ్యగారు. గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరై, విజయనగరం మాట నాలుక మీద అలాగే ఉంచుకుని, రాయపూర్‌లోనే ఉండిపోయారు. ఏ వస్తువు ఇంట్లోకి వచ్చినా వెలుతురుకి పెట్టి చూడాల్సిందే. కోడిగుడ్డు, తమలపాకు, కొత్త పంచె, ఆఖరికి ఎవరో ఇచ్చిన శుభలేఖ కూడా. పెళ్ళిచూపుల్లో నన్నూ అలాగే ఎత్తి చూశారా అని అత్తగారు ఎత్తిపొడిస్తే, నిన్ను ఎత్తగలిగితే కదా అనేవారు. ఆవిడ ముసిముసిగా నవ్వుకుంటూ వంటింట్లోకి పోయేవారు.

ఆయనకి జీవితంలో ఒకే ఒక్క కోరిక. సొంతానికి ఒక పాయింట్ టూటూ సెమీ ఆటోమేటిక్ రైఫిలు. డ్యూటీలో ఉన్న రోజుల్లో ఒకసారి సిగ్నల్ దొరక్క బండి అడవి మధ్య ఆగిపోతే, పట్టాల పక్కకి వచ్చిన ఫారెస్టు ఆఫీసరొకరు తన రైఫిలు ఆయన చేతికిచ్చి ఎండుకొమ్మ మీద పేల్చనిచ్చారట. ఒకసారి పేల్చాక మళ్ళీ ఏదీ లాగక్కర్లేదు. తరవాతి తూటా తనంతట తానే ఎక్కి కూర్చుంటుంది. ఎంత మర్యాదస్తురాలో అనేవారు ఆ తుపాకీ గురించి. ఆ కొమ్మ విరిగి ఆకుల మీద పడ్డ చప్పుడు చెబుతున్నప్పుడు గొంతు తగ్గిపోయేది. వింటున్న నాకు సాల చెట్ల మధ్య ఆగిన బండి, ఇంజను పొగ, ఆ పొగలో పడుచువాడుగా మావయ్యగారు కనబడేవారు.

రిటైరయ్యాక ధర్సీవా దగ్గర కాస్త వరి పొలం కొన్నారు. అడవి పందులు పడి పంట తొక్కేస్తున్నాయని చెప్పి తుపాకీ లైసెన్సు తెచ్చుకున్నారు. పందుల మీద మా నాన్నకి కోపమేం లేదు, లైసెన్సు ఇప్పించాయని కృతజ్ఞతే ఉంది అని మా ఆయన నవ్వేవారు. మావయ్యగారు కోరుకున్న రకం కొత్తది దొరికే రోజులు కావు. ఎవరి దగ్గరైనా పాతది అమ్మకానికి ఉందని తెలిస్తే వెళ్ళి చూసుకోవాల్సిందే. మా ఇంట్లో దానికీ పెళ్ళిచూపులనే పేరు. తుపాకీ గుమ్మం తొక్కిన రోజున నేను విజయనగరం బండి ఎక్కుతానని అత్తగారు చెబుతూనే, చూపులకి వెళ్ళే రోజు చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టేవారు.

ఆయన చూసే తీరు వేరు. వెళ్ళగానే అసలు మాట ఎత్తేవారు కాదు. మంచినీళ్ళు అడిగి, వానల గురించి మాట్లాడి, యజమాని ఆ రైఫిలుని లోపల్నించి ఎలా పట్టుకొస్తాడో గమనించేవారు. గొట్టం ఎవరివైపైనా తిరిగిందా, సగం మనసు అక్కడే విరిగిపోయేది. ఆ తరవాత తుపాకీ మీద చెక్కిన నంబరూ యజమాని లైసెన్సులో నంబరూ కలిశాయా అని చూసేవారు. తూటాలుండే మ్యాగజైన్ ఖాళీ చేసి పక్కన పెట్టేవారు. తూటాని గొట్టంలోకి తోసే బోల్టు వెనక్కి లాగి నిలబెట్టి, చిటికెన వేలితో గొట్టం మొదలు తడిమేవారు. స్క్రూల తలలు గీసుకుపోయి ఉంటే ఎవడో కెలికాడని పెదవి విరిచేవారు. కర్రకి పగులుందేమోనని గోటితో రాసి చూసేవారు.

"ఖాళీ అని సెప్పింది నమ్మకు. సూసింది కూడా నమ్మకు. ముట్టుకో" అనేవారు నాతో.

చివరికి గొట్టం లోపల చూడాలి. అక్కడికొచ్చేసరికి ఆయన కళ్ళు మొరాయించాయి. శుక్లాలు ముదురుతున్నాయి, గంజి గుడ్డలోంచి చూస్తున్నట్టుందనేవారు. మా ఆయనకి దీపావళి తారాజువ్వంటేనే దడ. అందుకని కొత్త కోడలినైన నన్ను వెంటపెట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టారు. బోల్టు వెనక్కి పెట్టాక పక్కన తెరుచుకునే సందులో తన బొటనవేలు పెట్టేవారు, గోరు కిటికీ వైపు వచ్చేట్టు. గోటి మీద పడ్డ వెలుతురు గొట్టంలోకి పాకేది. నేను ఇటు చివర కన్ను పెట్టి చూడాలి.

అబ్బ, ఏం చూపది! సన్నటి చీకటి గుహలో వెలుగు మెలికలు తిరుగుతూ లోపలికి పోయేది. ఆ కొసన ఆయన గోరు చిన్న చంద్రుడిలా మెరిసేది. మనుషుల మాటలన్నీ ఎక్కడో దూరంగా వినబడేవి. కొన్ని గొట్టాల్లో తుప్పు గుంటలుండేవి, ఒకదాంట్లో నల్లటి కడియంలాంటి నీడ ఉండేది. నేను గబగబా చెప్పబోతే ఆయన ఆపేవారు.

"తొందరపడకమ్మా. ఎలుగు ఎక్కడ తడబడతందో అది సెప్పు సాలు."

ఒక్క షరతు మాత్రం ఉండేది. ఆయన వేలు లోపలున్నంతసేపే నేను చూడాలి. వేలు తీస్తానంటే ముందు నేను కన్ను తియ్యాలి. వేలు తీస్తే వెలుతురు పోతుంది కదా, అందుకని కాబోలనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం తిల్దా వెళ్ళాం. రైసు మిల్లు యజమాని ఒకాయన, వాళ్ళ నాన్న కాలం నాటి రైఫిలు అమ్ముతున్నాడు. అచ్చం మావయ్యగారు కలలు కన్నదే. ఇల్లు మిల్లుని ఆనుకునే ఉంది. కిటికీలోంచి వచ్చే ఎండలో తవుడు ధూళి బంగారంలా తేలుతోంది. యజమాని గొట్టం నేలకి దించుకుని మర్యాదగా పట్టుకొచ్చాడు. నంబర్లు కలిశాయి. స్క్రూలు ఎవరూ ముట్టుకోలేదు. మావయ్యగారి మొహంలో అప్పటికే తాంబూలాలు పుచ్చుకున్నంత సంతోషం. నాన్న పోయాక దాన్ని ఎవరూ తాకలేదని, ఎప్పటినుంచో ఖాళీగానే ఉందని యజమాని హిందీలో చెబుతున్నాడు. మావయ్యగారు అన్నీ తడిమి, వేలు పెట్టారు. నేను కన్ను పెట్టాను.

అంత శుభ్రమైన గొట్టం నేనెప్పుడూ చూడలేదు. వెలుగు ఎక్కడా తడబడలేదు. బాగుంది మావయ్యగారూ అని చెప్పబోతున్నాను. పక్కన మిల్లు మొదలైంది. నేల అదిరింది. లోపల టక్కుమని చప్పుడై, చంద్రుడు ఆరిపోయాడు.

"చీకటైపోయింది మావయ్యగారూ" అన్నాను, ఇంకా చూస్తూనే.

"అమ్మా, కన్ను తియ్యి. మెల్లగా పక్కకి రా."

ఆయన గొంతు ఎప్పటిలాగే ఉంది. నేను పక్కకి జరిగాక రెండో చేత్తో బోల్టు వెనక్కి లాగారు. ఒక బుల్లి తూటా రాలి, గచ్చు మీద దొర్లుకుంటూ నా కాలి దగ్గర ఆగింది. ఎండిపోయిన నూనెలో, తడిమినా అందని చోట, ఎన్నేళ్ళుగా ఇరుక్కుని ఉందో. అరిగిపోయిన బోల్టు అదురుకి జారి, ఆ తూటాని గొట్టంలోకి తోసుకొస్తుంటే ఆయన వేలు అడ్డం పడింది. ఎక్కిన తూటా పేలేదో ఊరుకునేదో ఎవరు చెప్పగలరు. యజమాని మొహంలో నెత్తురు చుక్క లేదు. బాగు చేయించి ఇస్తాను, ఎంతిస్తే అంతే ఇవ్వండి అని చేతులు పట్టుకున్నాడు. మావయ్యగారు మంచినీళ్ళకి థాంక్స్ చెప్పి లేచారు.

తిరుగు రైల్లో ఆయన వేలికి చుట్టిన జేబురుమాలు ఎర్రబడుతోంది. ఆ షరతు ఎందుకో నాకప్పుడు తెలిసింది. వేలు వెలుతురు కోసమే కాదు, నా కంటికి కాపలా. అందరూ చూస్తున్నా ఏడుపు ఆగలేదు నాకు. వేలికేమైనా అయితే ఏం చేసేవారు అని అడిగాను.

"అప్పగింతలనాడు మీ నాన్న నీ సెయ్యి నా సేతిలో ఎట్టాడు. నీ కంటికేటైనా అయితే ఆయనకేటి సెప్పను?" అన్నారు. కాసేపు కిటికీలోంచి పొలాలు చూశారు. "బస్. సూపులు అయిపోనాయి."

అన్నంత పనీ చేశారు. లైసెన్సు తిరిగి ఇచ్చేశారు. పందుల మీదకి పాత కిరసనాయిలు డబ్బా వాయించుకుంటూ తానే గట్ల మీద తిరిగేవారు. వేలు రైలు తలుపులో పడిందని ఇంట్లో చెప్పారు. నేనూ అదే చెప్పాను. అత్తగారు తన బెదిరింపే పనిచేసిందనుకుని చాలాకాలం సంబరపడ్డారు. గోరు ఊడిపోయి, మధ్యలో గట్టు కట్టి మళ్ళీ వచ్చింది. ఎవరైనా తుపాకుల మాట ఎత్తితే మావయ్యగారు ఆ గోటిని రెండో బొటనవేలితో రాసుకునేవారు. ఆయన కోరిక నా మూలంగా ఆగిపోయిందన్న బాధ నన్ను వదల్లేదు.

చాలా ఏళ్ళకి ఆయన కళ్ళకి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన మర్నాడే పాలగ్లాసు ఎత్తి చూసి, ఇన్నాళ్ళూ అనుమానమే, ఇప్పుడు సాక్ష్యం దొరికిందన్నారు. పాలవాడు చెవులు పట్టుకున్నాడు. ఆ ఆషాఢంలోనే, ఊళ్ళోనే మోవాలో ఉండే మా ఆయన స్నేహితుడొకరు అలాంటి రైఫిలే అమ్ముతున్నారని విన్నాను. అత్తగారికి పేరంటమని చెప్పి, మావయ్యగారిని రిక్షా ఎక్కించాను. మేం కొనేవాళ్ళం కాదు, ఒక్కసారి చూస్తారంతే అని ముందే కబురు చేశాను. దేఖ్‌నే మే క్యా జాతా హై, చూస్తే పోయేదేముంది అన్నారాయన.

పోయిన వారం ఆయనకి ఆఖరి స్నానం చేయించేటప్పుడు ఆ గోరు చూసి, ఇది రైలు తలుపులో పడిందే కదూ అన్నారు మా ఆయన. అవునన్నాను. కానీ నాకప్పుడు కళ్ళ ముందున్నది మోవాలోని ఆ వరండా.

అప్పుడే వాన వెలిసింది. మావయ్యగారు రైఫిలు ఒళ్ళో పెట్టుకుని, ఒకటికి పదిసార్లు విప్పి, తడిమి, బోల్టు నిలబెట్టారు. గొట్టం చూడాల్సి వచ్చేసరికి అలవాటుగా తన వేలు పెట్టబోయారు. నేను ఆ చెయ్యి పక్కకి తీసి, గోరింటాకు పండిన నా బొటనవేలు పెట్టాను. వద్దమ్మా అన్నారు. నేను వినలేదు.

"నా వేలు లోపలున్నంతసేపే చూడండి. నేను తీస్తానంటే ముందు మీరు కన్ను తియ్యాలి" అన్నాను.

ఆయన వంగి కన్ను పెట్టారు. చూరు నుంచి చినుకులు రాలుతున్నాయి. గొట్టం ఎలా ఉందని ఇంటాయన అడిగితే వినిపించుకోలేదు.

"ఎర్రగా ఉందమ్మా" అన్నారు చివరికి, ఆ చివర్నించి. "పొద్దు పొడుస్తున్నట్టుంది."

ఆయన కన్ను తియ్యలేదు. నేను వేలు తియ్యలేదు.