నేనే అడిగి తెచ్చిన వాచీలు

నాయన చేతులకు వణుకు పట్టుకున్నాక మెదక్ చర్చి దారిలోని మా వాచీల దుకాణం మూతపడింది. పార్కిన్సన్ జబ్బన్నారు. రెండేళ్లు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. టీ కూడా నేనే తాగించాలి. ఆ కోపమంతా నా టీ మీద చూపించేవాడు.

హైదరాబాదు డాక్టరు కొత్తగా వచ్చిన మాత్ర రాసిచ్చాడు. మెదడులో తక్కువైన డోపమైన్ అనే రసాయనం చేయాల్సిన పని ఇది చేస్తుందన్నాడు. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే రెండు నెలలకు వణుకు బాగా తగ్గింది. ఒక పొద్దున నాయన గోడ గడియారం దించి విప్పుతుంటే అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకైతే కాలు నిలవలేదు. "మా నాయిన చేతులు మంచిగైనయి, పాడైన వాచీలుంటే ఇయ్యుండ్రి" అంటూ ఇంటింటికీ తిరిగాను. పాస్టరుగారు ఇచ్చారు, పక్కింటి టీచరమ్మ ఇచ్చింది, హవేలిఘనపూర్ రైతొకాయన తన పెళ్లినాటి వాచీ ఇచ్చాడు. పదకొండు పోగయ్యాయి.

నాయన అన్నీ విప్పాడు. ఒక్కటీ బిగించలేదు. మరలు, పళ్లచక్రాలు బిస్కెట్ డబ్బాల్లో సైజువారీగా సర్దేవాడు, కుమ్మరించి మళ్లీ సర్దేవాడు. అన్నానికి పిలిస్తే కసురుకునేవాడు. పని మీద యావ తిరిగొచ్చిందని మురిసిపోయాం. ఎంత తెలివితక్కువవాళ్లం!

అమ్మే ముందు కనిపెట్టింది. "గిది పని కాదు బిడ్డా. ఆపుదామన్నా ఆపుతలేడు" అంది.

ఇలాంటిది తానెప్పుడూ చూడలేదన్నాడు డాక్టరు. అయినా ఆ మాత్ర వల్లే కావచ్చని, తగ్గిస్తూ ఆపేయమన్నాడు. ఆపాం. విప్పడం ఆగింది. వెనకే వణుకూ వచ్చింది.

కుదుటపడ్డాక నాయన ఆ డబ్బాలు చూసి ముఖం కప్పుకున్నాడు. ఏ మర ఏ వాచీదో ఆయనకే తెలియదు.

"ఒక్క వారం ఆ గోలీలు ఇయ్యి బిడ్డా. ఎవలవి వాళ్లకు బిగించి ఇస్త."

మిగిలిన మాత్రలు నా పెట్టెలోనే ఉన్నాయి. ఇవ్వలేదు. ఆయన మళ్లీ ఆ డబ్బాల ముందు కూర్చుంటే చూడటం నావల్ల కాదు. చేతులున్న మనిషికి చేతులు లేకుండా చేశానని ఏడ్చాను, అయినా ఇవ్వలేదు.

"అయితే నేనే పోయి చెప్పుకుంట" అన్నాడు. అన్నీ ఒక డబ్బాలోకి ఎత్తించాడు. నేను పట్టుకుంటానంటే ఒప్పుకోలేదు, రొమ్ముకు అదుముకుని నడిచాడు. ఆ వణుకుకు లోపల మరలన్నీ గలగలమంటుంటే, మేం పాస్టరుగారి గుమ్మం చేరకముందే ఆయన బయటికొచ్చి నిలబడ్డారు.