లిజమ్మ మురబ్బా, జంపయ్య పండుగ

ఊకె ఇంటిపేరున్న జంపయ్యకు దేవుడు మిగతావన్నీ అందరికీ ఇచ్చినట్టే ఇచ్చి, ముక్కు మాత్రం ప్రత్యేకంగా చేసి పంపాడని గూడెంలో అందరూ ఒప్పుకుంటారు. నేనూ ఒప్పుకుంటాను, కాకపోతే కాస్త కడుపుమంటతో. మామిడి పండుగకు ముందు ఎవరైనా పిందె కొరికారన్న అనుమానం వస్తే చాలు, జంపయ్య ఎదురుగా వచ్చి నిలబడి "ఏదీ, నోరు తెర్వు" అంటాడు. పిల్లలనూ అంటాడు, ఆ పిల్లలను కన్నవాళ్లనూ అంటాడు. నేను ఈ ఊరి హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. తల్లాడ నుంచి బదిలీ మీద వచ్చినవాణ్ణి. వాళ్ల కట్టుబాట్లతో నాకు ఏ సంబంధమూ లేదు. అయినా ఒకసారి నడిరోడ్డు మీద నా చేత కూడా నోరు తెరిపించాడు. "సారు మామిడికాయ తొక్కు తిన్నడు. పోయినేడుదే" అని తీర్పు చెప్పి, తన దారిన తాను వెళ్లిపోయాడు.

భద్రాచలం దారిలో, అడవి మొదలయ్యే చోట ఉన్న చిన్న ఊరు మాది. దాన్ని ఆనుకునే ఈ కోయగూడెం. అక్కడ కొత్త పంట ఏదైనా సరే ముందు వేల్పుకు పెట్టాలి, ఆ తరవాతే మనిషి నోట్లో వేసుకోవాలి. చిక్కుడుకాయకైనా అదే లెక్క, మామిడికాయకైనా అదే లెక్క. వేల్పు ముందుకు మామిడికాయల గంప ఎత్తుకుని నడిచేవాడు పూజారి. ఆ ఏడు కాయను అతను అప్పటిదాకా రుచి చూసి ఉండకూడదు. తండ్రి పోయాక ఆ పని జంపయ్యకు వచ్చింది. మిగతా కాలమంతా అతను నర్సరీలో కూలి, వేసవిలో తునికాకు కోత, వానలు పడితే చెలక దున్నుకోవడం. ఎక్కడికెళ్లినా ఎవరో ఒకరు "ఏయ్ జంపా" అని కేకేసి పని చెబుతారు. ఆ ఒక్కరోజు మాత్రం అదే నోళ్లు "పూజారయ్యా" అంటాయి. ఆ ఒక్కరోజు కోసమే అతను ఏడాదంతా బతుకుతాడని నాకెప్పుడూ అనుమానం.

అతని ఇంటి ముందు గదిలో లిజమ్మ కిరాయికి ఉంటుంది. అసలు పేరు లిస్బెత్. డెన్మార్కులో నర్సుగా రిటైరై, ఇక్కడి దవాఖానాలో కొన్నాళ్లు సాయం చేసి వెళదామని వచ్చి, ఏళ్లు గడిచినా కదల్లేదు. ఎందుకు ఉండిపోయావమ్మా అంటే "ఇచ్చట ఎండ ఉన్నది" అంటుంది. ఎండ కోసం మా ఊళ్లో ఆగిపోయిన మనిషిని నేను ఈమెనొక్కదాన్నే చూశాను. నడివేసవి మధ్యాహ్నం మేమంతా తలుపులు మూసుకుని, తడిగుడ్డలు కప్పుకుని మూలుగుతుంటే, ఆమె వాకిట్లో కుర్చీ వేసుకుని, ఎండకు ముఖం ఎత్తి, కళ్లు మూసుకుని కూర్చునేది. జంపయ్య భార్య చిన్నక్క మొదటిసారి అది చూసి, ఫిట్స్ వచ్చాయనుకుని పరుగున వెళ్లి ఆమె చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టింది. లిజమ్మ కళ్లు తెరిచి థ్యాంక్స్ చెప్పింది.

సాయంత్రాలు నడకకు వెళ్లేది. ఎటు పోతున్నవమ్మా అని అడిగితే "ఎచ్చటికీ లేదు, ఊరకనే" అనేది. ఊరికే నడవడమన్నది గూడెం ఎరగదు. పాపం దారి తప్పిందనుకుని ఎవరో ఒకరు పని మానుకుని వెంటబడి, ఇంటి దగ్గర దింపి పోయేవాళ్లు. చివరికి జంపయ్యే ఒక ఖాళీ క్యాను తెచ్చి చేతికిచ్చాడు. "ఇది పట్టుకొని నడువుండ్రి మేడం. నీళ్లకు పోతున్నరనుకుంటరు." ఆ రోజు నుంచి ఆమెను ఎవరూ ఆపలేదు.

ఆమెకు తెలుగు నేర్పింది నేనే. ఆమె నలుగురిలో మాట్లాడటం వినేదాకా ఆ సంగతి గర్వంగా చెప్పుకునేవాణ్ణి. నాకు తెలిసింది పుస్తకాల తెలుగు, అదే నేర్పాను. పొద్దున్నే చిన్నక్కను పట్టుకుని "మీరు భోజనము గావించితిరా?" అని అడిగేది. చిన్నక్క ఆమెను ఏమీ అనేది కాదు, గోడ మీదుగా పక్కింట్లో ఉన్న నా వంక చూసేది. జంపయ్య మాత్రం మేడం, మేడం అంటూ ఎంతో మర్యాదగా ఉండేవాడు. ఆ మర్యాద దాటి ఆమెను ఒక్క అడుగు కూడా దగ్గరికి రానిచ్చేవాడు కాదు. పరాయి మనిషి పరాయి మనిషే అన్నది అతని లెక్క, అందుకే గూడెం కట్టుబాట్లేవీ ఆమె చెవిన వేయలేదు.

ఈ ఏడు పండుగకు ముందు గాలిదుమారం రేగింది. తెల్లారేసరికి చెట్ల కింద నేల కనబడనంతగా కాయలు రాలి ఉన్నాయి. గూడెం జనం వాటిని తొక్కకుండా, పక్కనుంచి జాగ్రత్తగా నడుచుకుంటూ పనులకు పోయారు. ఒక్కరూ వంగలేదు. ఇదంతా లిజమ్మ చూసింది. కళ్లముందు తిండి కుళ్లిపోతుంటే చూస్తూ ఊరుకునే అలవాటు ఆమెకు లేదు. "పాపము, శ్రమించువారు. వంగుటకు కూడ తీరిక లేదు" అనుకుందట. నాతో తరవాత తనే చెప్పింది. గూడెం ఖాళీ అయ్యాక సంచి పట్టుకుని వెళ్లి, ఏరి, తెచ్చి, తొక్కలూ జీళ్లూ పెరట్లో ఎరువుగుంటలో పూడ్చి, ముక్కల్లో బెల్లం, అల్లం, లవంగాలు, ఎండుమిరపకాయలు వేసి పొద్దుగూకేదాకా ఉడికించింది. చివరికి అది నల్లగా నిగనిగలాడే మురబ్బా అయి కూర్చుంది.

అంతకుముందు వారమే ఆమెకు వాళ్ల దేశం నుంచి పార్సిల్ వచ్చింది. కాబట్టి ఇదీ ఆ సరుకే అని గూడెం తీర్మానించేసింది. ఎవరూ అడగలేదు. నోరు నిండుగా ఉన్నప్పుడు ఎవరు మాత్రం అడుగుతారు? పని నుంచి వచ్చిన జంపయ్య ఆ ఘుమఘుమకు పొయ్యి దగ్గర ఆగాడు. లిజమ్మ గరిటె అందించింది. నాకాడు. "ఇంకింత బెల్లం పడాలె మేడం" అన్నాడు. బెల్లం పడింది. మళ్లీ నాకాడు. "ఇప్పుడు సక్కగైంది. ఏదీ, మళ్ల చూస్త" అన్నాడు. లవంగాల ఘాటు ముందు ఆ మహా ముక్కు ఆట సాగలేదు. మర్నాడు లిజమ్మ ఇంటింటికీ ఒక సీసా పంచింది. మా ఇంటికీ వచ్చింది. నేను దోసెలో వేసుకున్నాను, బ్రహ్మాండంగా ఉంది. జంపయ్య అన్నంలో కలుపుకున్నాడు, జొన్నరొట్టెకు రాసుకున్నాడు, ఏదీ లేనప్పుడు వేలితో తీసుకుని నాకాడు.

రేపు పండుగ అనగా చిన్నక్క పెరట్లో కోళ్లు కెలికిన గుంట చూసింది. మామిడి తొక్కలు, వాటి మధ్య తెల్లటి లేత జీళ్లు.

"మేడం, ఇవెక్కడియి?"

"అవి నేను వండిన మామిడికాయల శేషము" అంది లిజమ్మ, ఎరువు బాగా తయారవుతోందన్న సంతోషంతో.

చిన్నక్క అక్కడే చతికిలబడింది. కాసేపటికి మొగుణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. జంపయ్య ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"సారూ, గా సీసల ఉన్నది మామిడికాయనట. అందరికన్న ఎక్కువ నేనే తిన్న. రేపు గంప ఎట్ల ఎత్తాలె?"

"నువ్ తిన్నది ఎవలకెరుక?" అంది చిన్నక్క. "నాకెరుక, మేడంకెరుక, ఇగో ఈ సారుకెరుక. మేం ముగ్గురం నోరు మూసుకుంటం. నువ్ గూడ మూసుకో."

నేను తలూపాను. తప్పో ఒప్పో నాకు తెలియదు. ఆ ఒక్కరోజు కూడా పోతే ఆ మనిషికి ఇంకేం మిగులుతుందన్నదే అప్పుడు నా బాధ.

సీసాల్లో ఉన్నది మామిడికాయేనన్న సంగతి సాయంత్రానికి గూడెమంతా పాకింది. పెద్దమనిషి దూలయ్య ఇంటి ముందు అందరూ చేరారు. ఎవరెవరు తిన్నారో చెప్పమన్నాడు దూలయ్య. మొదట ఒక చెయ్యి లేచింది, తరవాత నాలుగు, తరవాత కూర్చున్నవాళ్లలో జంపయ్యది తప్ప లేవని చెయ్యి లేదు. దూలయ్య కూడా మొహమాటంగా దగ్గి "నేను జెరంతనే తిన్న" అన్నాడు. లోపలి నుంచి అతని భార్య "సీస కడిగి ఆ నీళ్లు గూడ తాగినవ్" అని అరిచింది.

"సరే, ఎరకలేక తిన్నం" అన్నాడు దూలయ్య. "తప్పుకు కోడిని కోద్దాం. పూజారి తినలే గదా, అది చాలు. అంత ముక్కున్నోడు ఎట్ల తింటడు?"

అందరూ నమ్మకంగా జంపయ్య వైపు చూశారు. చిన్నక్క అతని తువ్వాలు కొస పట్టుకుని లాగింది. నేను మనసులో ఊరుకోవయ్యా బాబూ అని దండం పెట్టుకున్నాను. జంపయ్య లేచి నిలబడ్డాడు.

"తిన్న" అన్నాడు. "పొయ్యి మీద ఉన్నప్పటి సంది తిన్న. బెల్లం తక్వైందని చెప్పింది గూడ నేనే."

ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. తరవాత అందరూ నవ్వారు. ఇన్నేళ్లుగా ఊరందరి నోళ్లు తెరిపించిన మనిషి నోరు తెరిచి చెప్పిన మాట అది, నవ్వక ఏం చేస్తారు? జంపయ్య మాత్రం తల వంచుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

వెనకాల నిలబడ్డ లిజమ్మ ముందుకు వచ్చింది. "అపరాధము నాది. ఈ పండుగ నా వలన చెడినది. నేను ఈ ఊరు విడిచిపోయెదను" అంది.

"పోవుడు సంగతి తర్వాత" అన్నాడు దూలయ్య. "నువ్వెంత తిన్నవమ్మా?"

"నేను తినలేదు. నాకు మధుమేహము."

"గదేంది సారూ?"

"షుగర్" అన్నాను.

చిన్నక్కకే ముందు వెలిగింది. "చేసినామెనే తినలేదా! అందుకేనా నా మొగనితోని నాకిపిచ్చింది!"

దూలయ్య గడ్డం గోక్కున్నాడు. కాయ ముట్టని నోరు ఇప్పుడు గూడెంలో ఆమెదొక్కటే. పొరుగు గూడేల నుంచి మనిషిని తేవడానికి వీల్లేదు, వాళ్ల వేల్పు వేరు. గంప ఎత్తేది ఈ గూడెం మనిషే అయ్యుండాలి, ఏ ఇంటి మనిషో వేల్పు ముందు చెప్పుకోవాలి. ఇంటిపేరు లేని మనిషికి గంప ఇవ్వడం ఎప్పుడూ జరగలేదు. మళ్లీ అందరి చూపులూ జంపయ్య మీదే ఆగాయి. అతను చాలాసేపు నేల చూశాడు. తన గంప, తన రోజు, పైగా తన ఇంటిపేరు కూడా.

"మా ముందు గదిల ఉంటది" అన్నాడు చివరికి. "మా ఇంటిపేరే చెప్పుకోమను." ఆ మాట పన్ను పీకినట్టు ఊడివచ్చింది.

పొద్దున్నే చిన్నక్క లిజమ్మకు చీర బిగించి కట్టి, నెత్తిన గంప పెట్టింది. వెనకే జంపయ్య. వేల్పు ముందు అతను కోయమాటల్లో ఒక్కో ముక్కా చెబుతుంటే ఆమె అంటోంది. అందులో కూడా నా పుస్తకాల యాస దొర్లుతుంటే నాకు సిగ్గేసింది. జంపయ్య మొదట్లో తప్పులు దిద్దాడు, తరవాత దిద్దడం మానేశాడు. ఏ ఇంటి ఆడబిడ్డవని దూలయ్య అడిగాడు. "ఊకె ఇంటి ఆడబిడ్డను" అని లిజమ్మ అడవికి వినబడేంత గట్టిగా చెప్పింది. జంపయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఇక మిగిలింది ఒక్కటే. కాయ కోసి, గంప ఎత్తిన మనిషి మొదటి ముక్క తిని మింగాలి. ఆ తరవాతే మిగతావాళ్లు ముట్టుకోవాలి. దూలయ్య ముక్క అందించాడు, లిజమ్మ నోట్లో వేసుకుంది. పళ్లు పులిసిపోయే పులుపు. ఆమె కళ్లు మూసుకుపోయాయి, ముఖం ముడుచుకుపోయింది, అయినా నమిలింది. పైగా నర్సు. బాగా నమలందే ఏదీ మింగకూడదని దవాఖానాలో మాకందరికీ చెప్పే మనిషి. నమిలింది, నమిలింది, ఇంకా నమిలింది. ముక్కల పళ్లెం ముందు గూడెమంతా నోరూరి గుటకలు వేస్తోంది. పిల్లలు ఒంటికాలి మీద గెంతుతున్నారు. అందరికంటే ముందు ఓపిక చచ్చింది జంపయ్యకే.

"మింగు అక్కా!" అని అరిచాడు. "జల్దీ మింగు!"

లిజమ్మ నమలడం ఆపి అతని వైపు చూసింది. అతను అన్న మాట అతనికే అప్పుడు వినిపించినట్టుంది, తువ్వాలుతో ముఖం తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆమె మింగుదామనే చూసింది, కానీ గొంతు పూడుకుపోయి ముక్క దిగలేదు. ముక్కల కోసం గూడెమంతా ఇంకొంచెం సేపు ఆగవలసి వచ్చింది.