నల్లోడికి గోమార్లు తీసిన శనివారం

మా చిన్నప్పుడు... తెల్లారకముందే వాకిట్లో అమ్మ పుల్లల చీపురు చప్పుడు... ఆ తర్వాత లోపల మెత్తచీపురు... ఆ తర్వాత తడి గోనెపట్టాతో నేలంతా ఒక తుడుపు. ఊడిస్తే ఎగిరి మూలకు పోయే కుక్క వెంట్రుకలన్నీ తడి గోనెకు అతుక్కుని వచ్చేసేవి. ఇంట్లో కుక్క ఉంటే ఆడమనిషికి నడుము మిగలదని మా అమ్మను చూసే తెలుసుకున్నాను.

వినుకొండ దగ్గర పల్లెటూరు మాది. రెండు గదుల రేకుల ఇల్లు. నాన్న కూలికి పత్తి చేలల్లో మందు కొట్టేవాడు. అమ్మ మిరపకోతలకు వెళ్ళేది. కుక్క పేరు నల్లోడు. వాణ్ణి ఎవరూ తేలేదు, వాడే వచ్చి మా గుమ్మంలో పడుకున్నాడు.

అమ్మ వాడికి అన్నీ అమర్చింది... కాళ్ళు తుడవడానికి నాన్న చిరిగిన లుంగీ ముక్క, దువ్వడానికి పాత పేన్ల దువ్వెన, వారానికోసారి వేపాకు కాచిన నీళ్ళ స్నానం. ఎక్కడైనా పాడు చేస్తే పొయ్యిలో బూడిద చల్లి, తడి పీల్చుకున్నాక రేకుముక్కతో ఎత్తి పారబోసేది.

నా వంతు గోమార్లు ఏరడం. చెవుల్లో, వేళ్ళ సందుల్లో పట్టుకుని, రక్తం తాగి సెనగగింజంత ఉబ్బే పురుగులు అవి. ఒక్కోదాన్నీ పీకి కిరసనాయిలు డబ్బాలో వెయ్యాలి. నాకేమో ఒళ్ళు బద్ధకం... సగం ఏరి, అయిపోయిందని అబద్ధం చెప్పేదాన్ని.

ఆ అబద్ధం ఒకరోజు బయటపడింది. మా ఇంట్లో ప్రార్థన కూటం జరుగుతుంటే పాస్టరమ్మగారి తెల్లచీర మీద ఒక గోమారి పాకింది. ఆవిడ దులుపుకున్నారంతే. అమ్మ మాత్రం సిగ్గుతో చచ్చిపోయింది. మర్నాడు పాకే వయసున్న మా తమ్ముడి చెవి వెనక ఇంకోటి కనిపించింది.

"ఏమే, ఏరావా నువ్వు? వచ్చే ఆదివారం మళ్ళీ మనింట్లోనే కూటం. అప్పటికి ఒక్కటి కనపడిందా, ఈణ్ణి తీసకపోయి కాలవ అవతల వొదిలేసొస్తా" అంది.

అమ్మ అన్నదంటే చేసేదే. ఆ వారమంతా బడి నుంచి రాగానే కూర్చుని ఏరాను. ఎన్ని తీసినా మళ్ళీ కనిపించేవి. శనివారం మధ్యాహ్నానికి కూడా చెవుల నిండా ఉన్నాయి. అమ్మ కోతకు వెళ్ళింది, తమ్ముడు నిద్రపోతున్నాడు. నాన్న చేను నుంచి వచ్చి, మందు ట్యాంకు గోడవారగా పెట్టి, కాలవకు స్నానానికి వెళ్ళాడు.

ట్యాంకు అడుగున కాస్త మందు మిగిలి ఉంది. ఆ మందే నాన్న నులకమంచం సందుల్లో పోస్తే నల్లులన్నీ చచ్చిపోవడం నా కళ్ళతో చూశాను. నల్లులు చచ్చినప్పుడు గోమార్లు చావవా అనుకున్నాను. మూత తీసి బక్కెట్లో వంపి, గోనెముక్క ముంచి, నల్లోణ్ణి తల నుంచి తోక దాకా తుడిచాను. వాడు కదలకుండా నిలబడి తోక ఊపుతున్నాడు. నేను ముద్దు చేస్తున్నాననుకున్నాడు.

గోమార్లు రాలిపోయాయి. ఎంత సంతోషం వేసిందో... చీపురు తెచ్చి ఊడ్చి, గోనెముక్క పారేసి, బక్కెట్టు కడిగి బోర్లించాను కూడా. ఈలోపు వాడు ఒళ్ళంతా నాక్కున్నాడు.

అమ్మ వచ్చేసరికి వాడి నోట్లోంచి నురగ కారుతోంది, కాళ్ళు వణుకుతున్నాయి. వెనకాలే నాన్న వచ్చాడు. మూత తీసి ఉన్న ట్యాంకు చూశాడు, కుక్కను చూశాడు. సబ్బునీళ్ళు పోసి కడిగాడు, చింతపండు నీళ్ళు పట్టబోయాడు. వాడు మింగలేకపోయాడు. పొద్దు వాలకముందే పోయాడు.

"మూత బిగించకుండా పోయా. మందు మీద వొలకబోసుకుని నాకినట్టుండాడు. నేనే చంపా" అన్నాడు నాన్న, తల పట్టుకుని.

అమ్మ నా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నాన్న వైపు ఒకసారి చూసింది. నన్ను నీళ్ళతొట్టి దగ్గరకు లాక్కెళ్ళి, చర్మం మండేదాకా సబ్బుతో రుద్దింది.

"మీ నాన్నకు చెప్పమాక. తెలిస్తే చంపేస్తాడు నిన్ను" అంది.

మర్నాడు కూటానికి ఇల్లు కడిగిన ముత్యంలా ఉంది. పాస్టరమ్మగారు మెచ్చుకున్నారు. అమ్మ తల వంచుకుని చాపలు పరిచింది.

ఇప్పుడు అన్నీ సులువైపోయాయి... మెడ మీద వేసే చుక్కల మందు, బట్టల మీద దొర్లిస్తే వెంట్రుకలన్నీ ఎత్తేసే రోలరు, నేల పీల్చే మిషను. ఒంగోలులో మా ఇంట్లో ఇవన్నీ ఉన్నాయి, మా అమ్మాయి ఈమధ్యే ఒక కుక్కపిల్లను తెచ్చుకుంది. అమ్మ పోయాక నాన్న మా దగ్గరే ఉంటున్నాడు. మా అమ్మాయి దాన్ని తాత ఒళ్ళో పెట్టబోతే చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"నాకొద్దమ్మా. నా చేత్తో ఒకదాన్ని చంపా" అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. కూర తరుగుతున్నాను. తరుగుతూనే ఉన్నాను...

మీ ఇంట్లో కుక్క ఉన్న రోజుల్లో ఇల్లు ఎట్లా తుడుచుకునేవాళ్ళో, గోమార్లకు ఏం చేసేవాళ్ళో రాయండి, చదువుతాను. ఇట్లా మీ నోట్లోనే ఉండిపోయిన మాట ఏదైనా ఉంటే అదీ రాయండి. నాన్నకు ఫోనులో ఇవి చూడటం రాదు. అందుకే దీన్ని మా అమ్మాయికి పంపిస్తున్నాను, తాతకు చదివి వినిపించమని... ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.