తెల్లచీరలూ మా వదిన ముఖమూ

మా సంఘంలో ఆడవాళ్ళకు ఆదివారం తెల్లచీర తప్పనిసరి. ఎవరూ చట్టం చేయలేదు, మా అవ్వల కాలం నుంచి అలా వస్తోంది. వారమంతా శనగచేలో, మిరపచేలో మట్టికొట్టుకుపోయే మనుషులం ఆ ఒక్క పూట మల్లెపూలలా నడిచి వెళ్తాం. మా చర్చిని మేం గుడే అంటాం, దానికీ తెల్లసున్నమే. ఆరాధన ముగిసేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. సరిగ్గా అప్పుడే మావాళ్ళకు ఫోటో గుర్తొస్తుంది.

అందరినీ గోడకు ఆనించి, ఎండకు ఎదురుగా నిలబెడతారు. గుడి పైనున్న సిలువ పడకపోతే సంఘపెద్ద ఒప్పుకోడు. సిలువ పడాలంటే ఫోన్ పట్టుకున్నవాడు, ఫోన్లు రాకముందు కెమెరా పట్టుకున్నవాడు, రోడ్డు దాటి అవతలికి పోవాలి. అంత దూరం నుంచి తీస్తే ఏం పడుతుంది? గుడి పడుతుంది, ఆకాశం పడుతుంది, అడుగున తెల్లచీరల వరస పడుతుంది. చీరల మీద ముఖాలు ఉండాల్సిన చోట నల్లటి చుక్కలు ఉంటాయి. మా నందికొట్కూరు పక్క ఊళ్ళలో మావాళ్ళ ఇళ్ళన్నిటా గోడ మీద ఇలాంటి ఫోటో ఒకటి ఉంటుంది. అందులో మీ అమ్మ ఎవరని అడిగితే వేలు పెట్టి, కుడి నుంచి లెక్కబెట్టుకుంటూ వచ్చి, ఒక చుక్క దగ్గర ఆగి చూపిస్తారు.

ఈ ఫోటోలలో అందరికన్నా ఎక్కువ నష్టపోయింది మా వదిన, మా ఆయనకు అక్క. మనిషి నలుపు, పొలంలో ఎండకు కాగి మరింత నలుపు. గొంతు మాత్రం దేవుడు తీరిగ్గా కూర్చుని చేశాడు. ఆమె పాట ఎత్తుకుంటే డోలక్ వాయించే అన్న కూడా ఒక్కోసారి చెయ్యి ఆపి వింటాడు. మా ఊరి పాటల గుంపుకు ఆమే ప్రాణం. నాకైతే పాట రాదు. ప్రార్థనలో నేను గొంతు కలిపితే పాస్టరయ్య కళ్ళు తెరిచి చూస్తాడు, అందుకే పెదాలు కదిపి ఊరుకుంటాను.

కర్నూల్లో ఏటా సంఘాలన్నీ కలిసే పెద్ద కూడిక జరుగుతుంది. ఆత్మకూరు నుంచి కడప, రాయచోటి దాకా పాటల గుంపులు పేర్లిస్తాయి. అందరికీ వేదిక మీద చోటు దొరకదు కాబట్టి ముందుగా ఒక చిన్న వీడియో పంపమంటారు. పోయినేడు మావాళ్ళు పంపారు. ఊళ్ళో అందరికన్నా పెద్ద ఫోన్ ఉన్నాయన తీశాడు, ఎప్పటిలాగే మిట్టమధ్యాహ్నం, ఎప్పటిలాగే రోడ్డవతల నుంచి. ముఖాలు కనపడలేదనీ, పాట వినపడలేదనీ జవాబొచ్చింది. గుడి అరుగు మీద ఆ వీడియో మళ్ళీ పెట్టుకుని చూస్తుంటే, ఆ తీసినాయనే ముందు వరసలో వదిన ఉన్న చోట వేలుపెట్టి నవ్వుతూ అన్నాడు: "మనిషి యాడుండాదప్పా? చీర పాడతాండాదే!"

అందరూ పగలబడి నవ్వారు. వదిన కూడా నవ్వింది. తరువాతి ఆదివారం ఆమె వెనక వరసకు వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి పాట ఎత్తుకోవడమే మానేసింది.

ఈ ఏడు కర్నూలు నుంచి మళ్ళీ కబురు రాగానే వదిన ముందుగా నా దగ్గరికే వచ్చింది. "నన్ను పిలవొద్దని చెప్పు మే. నా ముఖం ఫోన్లకు పడదు. నేను లేకుంటే మిగిలినోళ్ళన్నా కర్నూలుకు పోతారు."

నాకు ఒళ్ళు మండింది. ఆమె లేకుండా వెళ్ళి వీళ్ళు పాడేదేమిటి? "నీ ముఖానికేమైంది వదినా? తీసేటోళ్ళకు తీసేది రాదు. ఈసారి నేను తీస్తా" అనేశాను. నాకు నా ఫోన్‌లో మాట్లాడటం తప్ప మరేమీ రాదని, అనేశాక గుర్తొచ్చింది.

మాట ఇచ్చాక వెనక్కి పోయే రకాన్ని కాను. అన్నం ఉడికేలోపు, పాలు పొంగేలోపు, ఫోన్‌తో ఫోటోలు తీయడం నేర్పే వీడియోలన్నీ చూశాను. పాలు రెండుసార్లు పొంగి పొయ్యి పాలైనాయి కూడా. ఒకరోజు తెల్లటువాలు పరిచి దాని మీద వంకాయ పెట్టి ఫోటో తీశాను. వంకాయ బొగ్గు ముద్దలా వచ్చింది. తెరమీద వంకాయ ఉన్నచోట వేలుపెట్టి నొక్కాను. అంతే, ఊదారంగు, నిగనిగ, తొడిమ మీది ముళ్ళతో సహా వంకాయ లేచి వచ్చింది! అప్పుడు తెలిసింది అసలు కథ. ఎదురుగా తెలుపు ఎక్కువుంటే ఈ ఫోన్ వెలుతురు జాస్తైందనుకుని మొత్తం తగ్గించేస్తుంది. తెల్లగోడ, తెల్లచీరలు, మండే ఎండ. ఇన్నేళ్ళూ ఫోన్‌ను మేమే తికమక పెట్టి, వదిన ముఖాన్ని తప్పుపట్టాం.

మా ఆయన గడపలో నిలబడి చూశాడు. "ఏమే, వంకాయకు పెళ్ళిచూపులా?"

"అవును. నీ కంటే బుద్ధిగా కూసోనుండాది."

ఆ సాయంత్రమే వదినను పిలిచి, వాకిలికి ఇవతల నీడలో, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టాను. పసుపు, నూనె వేళ్ళతో ముట్టుకున్న ఫోన్ కదా, కెమెరా కన్ను మీది జిడ్డును కొంగుతో తుడిచాను. ముఖం మీద వేలుపెట్టి నొక్కి, తీసి చూపించాను. వదిన కనుబొమలు ముడిచింది.

"ఎవురు మే ఈయమ్మ? ఇంత తెల్లగుండేదానికి నా గొంతు యాడ్నుంచి వస్తాది?"

నిజమే. ముఖానికి పిండి అద్దినట్టుంది, ఒక్క గీత లేదు. చూస్తే ఆ ఫోన్‌లో అందం పెంచే మీట ఒకటి దానంతట అదే పెట్టుకుని ఉంది. నా ముఖాన్నెప్పుడూ తీసుకోలేదు కాబట్టి నాకు తెలియలేదు. వెతికి దాన్ని ఆపేసి మళ్ళీ తీశాను. ఈసారి వదిన ఫోన్ చేతిలోకి తీసుకుంది. తెరను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"మా యమ్మ మాదిరే ఉండా" అంది చివరికి.

వాళ్ళ అమ్మకు ఈ లోకంలో మిగిలిన ఫోటో మా గోడ మీది ఆ పాత తెల్లచీరల వరసే. అందులో ఆమె ఒక చుక్క. ఆమె పోయేనాటికి మా ఆయన పసివాడు, ఆ ముఖం ఎలా ఉండేదో వదినకు తప్ప ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. నా కళ్ళు చెమర్చాయి, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. "వస్తాలే" అంది వదిన లేస్తూ. "ముందర నిలబడేది మాత్రం మాట ఇయ్యను."

ఇక సంఘపెద్దతో యుద్ధం. మధ్యాహ్నం వద్దు, పొద్దు వాలాక తీస్తానన్నాను. సరేనన్నాడు. గోడ ముందు వద్దన్నాను, మూతి ముడిచాడు. గుడి పక్కన పశువుల మేతకు పేర్చిన జొన్నసొప్ప వామి ఉంది, ఎండి చామనఛాయగా ఉంటుంది, దాని ముందు నిలబెడితే చీరలూ ముఖాలూ రెండూ తేలతాయన్నాను. ఆయనకు కోపమొచ్చింది.

"సిలువ పడకుండా, సొప్ప వామి ముందర దేవుని పాటలు పాడిస్తావామ్మా?"

"పశువుల పాకలో పుట్టినాయనకు సొప్ప అడ్డమా మామా?"

పాస్టరయ్య ముందుగా నవ్వాడు. ఆయన నవ్వాక ఇంకెవరు మాట్లాడతారు? స్టూలు మీద రెండు ఇటుకల మధ్య ఫోన్ అడ్డంగా నిలబెట్టాను. రోడ్డవతలికి కాదు, పలకరిస్తే పలికేంత దగ్గరలో. దరువు పాటను మింగకుండా డోలక్ అన్నను వెనక్కి పంపాను, అలిగినా పంపాను. వదిన ఎప్పటిలాగే వెనక వరసలోకి దూరింది. ముందు వరసను నేనే రెండుగా చీల్చి పక్కకు జరిపాను, వెనకున్నా ఆమె నడిమధ్యకు వచ్చేసింది. తెరమీద ఆమె ముఖాన్ని వేలితో నొక్కిపట్టి, వెలుతురు మారకుండా బిగించి, ఊఁ అన్నాను. ఏడాది తరువాత మా వదిన పాట ఎత్తుకుంది. ఆ గొంతులో ఏడాది పాటు అణచుకున్నదంతా ఉంది.

ఎడిటింగ్ మాత్రం మా ఇంట్లోనే, చాప మీద. ముందున్న దగ్గునూ చివరున్న మేకపిల్లనూ కత్తిరించాను. ఒరిగిన వీడియోను సరిగా నిలబెట్టాను. తెలుపును కొంచెం దించితే చీరల మడతలు తేలాయి, నీడలను ఒక్క పిసరు లేపితే కళ్ళు కనిపించాయి. ముఖాల రంగు జోలికి పోలేదు. డోలక్ అన్న వచ్చి, "పావురాలు ఎగరేయమ్మా, సూర్యకిరణాలు పెట్టు, శానా బాగుంటాది" అన్నాడు. పావురాలను చూస్తూ కూర్చుంటే నీ డోలక్ ఎవరు వింటారన్నా అన్నాను. ఆ మాటతో అలక తీరింది.

పంపిన వారానికే పిలుపు వచ్చింది. మా వీధంతా పండగ చేసుకుంది. పెద్ద ఫోన్ ఉన్నాయన కూడా వచ్చి, ఆ వంకాయ విద్య తనకూ చూపించమన్నాడు. చూపించాను, కాస్త బెట్టు చేసి.

కర్నూల్లో కూడిక జరిగే హాలు నిండా జనం. వేదిక మీద గోడంత తెర. మావాళ్ళను పిలవబోయే ముందు, ఎవరు వస్తున్నారో తెలియడానికి, మేం పంపిన వీడియో కొంచెం వేశారు. సొప్ప వామి, వాలుపొద్దు వెలుతురు, నడిమధ్యన మా వదిన. నల్లటి నుదురు, కంటి కొసన ముడతలు, పాటతో పాటు వణికే మెడనరం, అన్నీ గోడంత ఎత్తున. హాలు సద్దుమణిగింది. నా పక్కనున్న ఎవరో రాయచోటి ఆమె, "ఎవురమ్మా ఈమె, ఎంత బాగుండాది!" అంది. మా వదినే అని చెప్పబోతూ ఆమె కోసం చూశాను.

వదిన మెట్ల దగ్గర, వరసలో అందరికన్నా వెనక నిలబడి ఆ తెరనే చూస్తోంది. ఆమె ముఖం తిప్పుకుంటుందేమో అనుకున్నాను. ఆమె కొంగు సర్దుకుంది. ముందున్నవాళ్ళను ఒక్కొక్కరినీ చేత్తో పక్కకు జరుపుకుంటూ వేదిక ఎక్కి, ఎవరూ పిలవకుండానే మైకు ముందుకు వచ్చి నిలబడింది. వెనక్కి తిరిగి తెరకేసి చెయ్యి చూపించింది.

"ఆ పాడేది నేనే" అంది, హాలంతా వినేలా. ఆపైన పాట ఎత్తుకుంది.