కుట్టేసిన పాఠం

మా సైన్సు టీచరమ్మ పోయిన బుధవారం కర్నూలు పెద్దాసుపత్రిలో కన్నుమూసింది. కోయిలకుంట్ల బస్సు కండక్టరు నాకీ కబురు చెప్పాడు. ఆదివారం బడిలో సంతాప సభ అనీ, అధ్యక్షుడు బడి మేనేజరు గారనీ కూడా చెప్పాడు. ఏడుపు కన్నా ముందు నాకు ఒళ్లు మండింది. ఆమె చేతిలోంచి సైన్సు పాఠం లాగేసుకున్నది ఆయనే.

ఆ సంగతి మీకు చెప్పాలి. కర్నూలు రాజధాని అయిన ఏడు మా ఊరి ఆడపిల్లల బడికి కొత్త ప్రకృతిశాస్త్రం పుస్తకాలు వచ్చాయి. పువ్వులోని పుప్పొడి కీలాగ్రం మీద, అంటే ఆడకాడ కొనమీద, పడి కాయ ఎలా అవుతుందో అందులో రెండు పేజీలు ఉన్నాయి. అవి చూసి మేనేజరు గారు అదిరిపడ్డారు. పెళ్లీడు పిల్లలకు ఇదేం చదువంటూ, ఆ పేజీలు సూదీదారంతో కుట్టేయమన్నారు. ఆ పని మా కుట్టు క్లాసుకే అప్పజెప్పారు, మహానుభావుడు! అంతవరకు పుస్తకం తెరవని పిల్ల కూడా కుట్టబోయే ముందు ఆ రెండు పేజీలూ చదివేసింది.

టీచరమ్మ కోప్పడుతుందనుకున్నాం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పేజీలు కుట్టినారు, సరే. తీగను ఎవురు కుడతారే?" అంది.

కళ్లజోడు నెత్తిమీదే పెట్టుకుని మమ్మల్ని వెతకమనే మనిషి ఆమె. "తెలీదంటే తప్పు లేదు పాపా, చూడలేదంటేనే తప్పు" అనేది. బడి వంటగది గోడమీద గుమ్మడి తీగ ఉండేది. ఎండ ముదిరితే ఆ పువ్వు ముడుచుకుంటుందని మమ్మల్ని తెల్లవారగానే రమ్మంది. తేనెటీగలు ముందే వాలకుండా రెండు ఆడమొగ్గలకు ముందురోజు సాయంత్రమే గుడ్డ కట్టి ఉంచింది. ఒకదాని కీలాగ్రం మీద నా చేత ఉమ్మెత్త పువ్వు పొడి అద్దించింది. రెండోదానికి నా పక్కన కూర్చునే ఓబులమ్మ గుమ్మడి మగపువ్వు పొడే అద్దింది. కొన్నాళ్లకు నా పిందె పసుపుబారి రాలిపోయింది. ఓబులమ్మది ఊరి లావైంది.

"పొడి పడితే సరిపోదు పాపా. కీలాగ్రం దాన్ని తనదని గుర్తుపట్టి తడి ఇయ్యాల. అప్పుడు పొడిలోంచి సన్నని గొట్టం లేచి లోపలిదాకా పోతాది. పరాయి పొడికి దావ ఇయ్యదు" అని చెప్పింది టీచరమ్మ.

మేనేజరు గారు మా వెనకే నిలబడి విన్నారు.

"ఏమ్మా, ఆడపిల్లలతో చేయించే పనేనా ఇది?"

"గుమ్మడికాయ కూర తినేటప్పుడు రాని సిగ్గు ఇప్పుడెందుకొచ్చెనయ్యా?"

ఆ ఒక్క మాటకు ఆమెను సైన్సు నుంచి తీసేసి కుట్టు క్లాసులో కూర్చోబెట్టారు. సైన్సు పీరియడులో మా చేత భజనలు పాడించారు. ఈ గొడవ విని ఓబులమ్మను తండ్రి బడి మాన్పించాడు, ఆ కాయ ముదరకముందే పెళ్లి చేసి పంపాడు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది గానీ టీచరమ్మ మాత్రం ఆ కుట్టు గదిలోంచి కదల్లేదు. అట్లా పాఠం చెప్పగలిగిన మనిషి చివరిదాకా గుండీలకు కాజాలు కుట్టడం నేర్పింది. ఆమెకు జీతం పోలేదు కదా అంటారు కొందరు. పోయింది జీతం కన్నా పెద్దదని వాళ్లకు ఎట్లా చెప్పేది?

ఆదివారం సభలో మేనేజరు గారు కళ్లు తుడుచుకుంటూ, "ఇంత మంచి కుట్టు టీచరు మళ్లీ దొరకదు" అన్నారు.

నేను లేచాను. "ఆమె సైన్సు టీచరు" అన్నాను.

వెనక వరసలోంచి ఓబులమ్మ లేచి వచ్చింది. కూతురు ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. టీచరమ్మ ఫోటో ముందు పోసిన పూలలోంచి ఒక మందారం తీసి, అందరి ముందూ కూతురి పక్కన చతికిలబడింది.

"ఈ పచ్చపొడి ఉండాదే, ఇది ఈ కొనమీద ఎర్రచుక్కల్లో పడాల. ముట్టి చూడు మే."

"ఇప్పుడెందుకమ్మా అదంతా?" అన్నారు మేనేజరు గారు.

ఓబులమ్మ పువ్వును పాపకు ఇంకా దగ్గరగా పట్టింది. పాప ముట్టి చూసింది. వేలికి పొడి అంటింది. దాన్ని గౌనుకు తుడుచుకోకుండా, వేలు నిటారుగా పట్టుకుని, సభ అయ్యేదాకా అట్లాగే కూర్చుంది.