రాధక్క జుట్టు ఊడిన కారణాలు

మా రాధాబాయి అక్క తలమీద ఒక్క వెంట్రుక కూడా ఉండేది కాదు. ఆమె ప్రత్యేకత అది కాదు. జుట్టు ఎందుకు ఊడిందని అడిగినవాళ్లలో ఏ ఇద్దరికీ ఆమె ఒకే కారణం చెప్పేది కాదు. బోధన్‌లో మా వాడ ఆడవాళ్లు నల్లా దగ్గర కలిస్తే, "నీకేం చెప్పింది?" అని ఒకరినొకరు అడిగి సరిచూసుకునేవారు. పదకొండేళ్లలో ఒక్కసారీ సరిపోలేదు.

నేను ఆమెకు తోటికోడలిని. 1964లో పెళ్లయి ఆ ఇంటికి వచ్చాను. మొదటి రెండు రోజులు ఆమె కొంగు తలమీదే ఉంది. మూడో రోజు బియ్యం చెరుగుతుంటే జారింది. కింద ఉన్న తల తోమిన ఇత్తడి చెంబులా మెరిసింది. కనుబొమలు కూడా లేవు, కాటుకతో గీసుకునేది. చూడనట్టు ఉండాలని నేను చాలా ప్రయత్నించాను. పద్దెనిమిదేళ్ల వయసులో అది సాధ్యమయ్యే పని కాదు. చివరికి అడిగేశాను. ఆమె చేట పక్కన పెట్టి, గంభీరంగా ఆలోచించింది.

"జామకాయ తిన్న చెల్లె. గింజలు నమలకుంట మింగిన. అండ్ల ఒక గింజ కడుపుల మొల్సింది. దాని కొమ్మలు పైకచ్చి, ఎంటికల వేర్లను బయటికి నూకినయి."

నేను నోరు తెరిచాను. అరుగుమీద కూర్చుని పేపరు చదువుతున్న బావగారు తల ఎత్తకుండానే, "అవ్, గంతే," అన్నారు.

బావగారి పేరు రామ్‌దాస్. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూకం వేసే కాంటా దగ్గర పనిచేసేవారు. కాంటా దగ్గర ముల్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఒప్పుకోని మనిషి అని రైతుల్లో ఆయనకు పేరు. ఇంటికి వస్తే మాత్రం భార్య చెప్పే ప్రతి కారణానికీ సాక్షి సంతకం పెట్టేవారు. ఆ సంతకం ఎప్పుడూ ఆ రెండు మాటలే.

ఆ తర్వాత మూడు నెలలు నేను జామకాయ ముట్టలేదు. మా ఆయన వర్ని నుంచి బుట్టెడు తెస్తే, తినకుండా గింజలు ఏరుతూ కూర్చున్నాను. సంగతి విని ఆయన గోడకు ఆనుకుని నవ్వారు. తనకు వదిన చెప్పింది కాకుల కథట. మిద్దెమీద తల ఆరబెట్టుకుంటుంటే కాకులు గూటికోసం ఒక్కొక్క వెంట్రుకే పట్టుకుపోయాయట. పిల్లలున్న తల్లి కాకిని వద్దని ఎలా అంటానందట.

అక్క పుట్టిల్లు కందకుర్తి వైపు. తెలుగు ఎంత ధారాళంగా మాట్లాడేదో మరాఠీ కూడా అంతే. అందువల్ల కారణాలు రెండు భాషల్లో పుట్టేవి. ధర్మాబాద్ నుంచి వచ్చే గాజులావిడకు ఒకరోజు మరాఠీలో చెప్పింది. గోదావరి దాటుతుంటే పడవ అంచున జడ నీళ్లలో పడిందని, నదికి నచ్చి ఉంచేసుకుందని. గాజులావిడ కళ్లు తుడుచుకుని లేచింది. అదే పూట పాలు పోయడానికి వచ్చిన నాగవ్వకు, మలేరియా బిళ్లలు పదికి బదులు ముప్పై మింగానని చెప్పింది. ఆ ఇద్దరూ మా గుమ్మంలోనే ఎదురుపడ్డారు. పది నిమిషాల్లో తగువు పెట్టుకుంటూ లోపలికి వచ్చారు. అక్క ఇద్దరికీ చాయ్ ఇచ్చి, ఇద్దరి మాటా నిజమే అంది. సగం గోదావరి తీసుకుందట, మిగిలిన సగం మలేరియా తీసుకుందట. గాజులావిడ నదికి పోయినదే పొడుగైన సగమని నమ్మి, తృప్తిగా వెళ్లిపోయింది.

నవ్వు వెనక ఏముందో నాకు కొంత తెలుసు. ఆ రోజుల్లో తలమీద జుట్టు లేని ఆడదాన్ని శుభానికి పిలవడానికి కొందరు వెనకాడేవారు. మా వాడలోనే రెండు మూడు ఇళ్లు అక్కను పేరంటానికి పిలిచేవి కావు. పిలవకపోయినా ఆమె వెళ్లేది. వెళ్లి మధ్యలో కూర్చునేది. మల్లెపూలంటే ఆమెకు ప్రాణం. పెట్టుకోవడానికి జడ లేదు కాబట్టి దండను ఎడమచేతి మణికట్టుకు చుట్టుకునేది. పసుపు రాయడానికి వచ్చినావిడ ఆ చేయి చూసి తడబడితే, వాసన చూడమని చేయి ముందుకు చాచేది. ఆ ముక్కు పువ్వును తాకిన తర్వాత బొట్టు పెట్టకుండా ముందుకు జరగడం ఎవరివల్లా కాలేదు.

అందరి మాటనూ సరదాగా తీసుకునే ఆ మనిషికి ఒక్క మాట మాత్రం పడేది కాదు. ఒకసారి వర్ని నుంచి వచ్చిన దూరపు చుట్టం, ఎవరి కళ్లో పడి ఉంటాయని, ఎవరో చేసిందేనని, తనకు తెలిసిన మనిషిని అడిగితే పేరుతో సహా చెబుతాడని మొదలుపెట్టింది. అక్క ముఖంలో నవ్వు పోయింది. ఆ చుట్టాన్ని కూర్చోబెట్టి, కొత్త కారణం ఒకటి ఎత్తుకుంది. అందులో నిజాంసాగర్ కాలువ ఉంది, పసుపు ఉడకబెట్టే గాబు ఉంది, తప్పిపోయిన దున్నపోతు ఉంది. అది ముగిసేసరికి రెండు బస్సులు వెళ్లిపోయాయి. మూడో బస్సు ఎక్కేటప్పుడు తాను ఏమి అడిగిందో చుట్టానికే గుర్తు లేదు. ఆరోజు బావగారు మామూలుకంటే రెండింతల గట్టిగా సాక్ష్యం పలికారు.

అక్క మాటల్ని ఎప్పుడూ నమ్మని మనిషి ఒక్కరే, ముత్తవ్వ. మా ఇంటి వెనక సందులో ఒంటరిగా ఉండే ముసలమ్మ. తోటకూర, చుక్కకూర పండించి అమ్మేది. తనలో తాను ఏదో గొణుక్కుంటూ నడిచేది. రోజూ మధ్యాహ్నం మా ఇంట్లో చాయ్ తాగడానికి వచ్చి, సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, అక్కను తిట్టేది. ఈమె నోట్లోంచి నిజం ఒక్కటి రాదని, పైన దేవుడు లెక్క రాస్తున్నాడని, జుట్టు పోయినా సిగ్గు పోకూడదని. అక్క వింటూ రెండో కప్పు పోసేది. ఎవరెన్ని మాటలన్నా జవాబు సిద్ధంగా ఉంచుకునే మనిషి ముత్తవ్వ దగ్గర మాత్రం తలూపేది. నాకు కోపం వచ్చేది. పెట్టిన చాయ్ తాగుతూ పెట్టిన చేతినే తిట్టడం ఏమిటని.

1972 వేసవిలో వాడ చివర హన్మవ్వ ఇంట్లో కొత్తకోడలికి తల వెనక రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడింది. ఆ పిల్ల అద్దం ముందు నుంచి లేవడం మానేసింది. అత్త హన్మవ్వ నల్లా దగ్గర గుసగుస మొదలుపెట్టింది. మొన్న ముత్తవ్వ కూర అమ్మడానికి వచ్చి, కోడలి జడ పట్టుకుని ఎంత బాగుందో అన్నదట. ఆ మాట అన్న వారానికే ఇది జరిగిందట. నేను బిందె నింపుకుని ఇంటికి వచ్చి, మామూలు ముచ్చటలాగే అక్కకు చెప్పాను.

ఆమె పొయ్యిమీద కూర అలాగే దించి పెట్టింది. నన్ను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ హన్మవ్వ ఇంటికి తీసుకుపోయింది. అక్కడ అప్పటికే నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు ఉన్నారు. అక్క వాళ్ల మధ్య నిలబడి, తలమీది కొంగు తీసేసింది. కోడలిని దగ్గరికి పిలిచి, బిళ్లంత చోటును వేలితో తడిమింది. ఏ దువ్వెనతో దువ్వుకుంటున్నావని అడిగింది. పిల్ల కొత్త ప్లాస్టిక్ దువ్వెన తెచ్చి చూపింది. ఎర్రది.

"గిదే అక్కా," అంది రాధక్క, హన్మవ్వతో. "నాది గూడ ఎర్ర దువ్వెననే. నేను ఎవల మాట ఇనక మొత్తం పోగొట్టుకున్న. నీ కోడలు పుణ్యాత్మురాలు, బిళ్లంతతోని బయటపడ్డది."

హన్మవ్వ దువ్వెనను చీపురుతో ఎత్తి పెంటకుప్పలో పడేసింది. గుసగుస చేసిన నోళ్లన్నీ తమ తమ ఇళ్లలోని ఎర్ర దువ్వెనల కోసం పరుగెత్తాయి. ఆ నెలంతా బోధన్ అంగడిలో ఎర్ర దువ్వెనలు ఎవరూ ముట్టలేదని, ఆకుపచ్చవి దొరకలేదని విన్నాను. మరునాడు అక్కే ఆ పిల్లను నిజామాబాద్‌లో డాక్టరుకు చూపించి తీసుకొచ్చింది. మూడు నెలల్లో ఆ చోట సన్నటి వెంట్రుకలు వచ్చాయి. ఘనత అంతా దువ్వెన పడేసిన హన్మవ్వకే పోయింది.

డాక్టరు దగ్గరి నుంచి వచ్చిన సాయంత్రం నేను ఊరుకోలేకపోయాను. ఇన్నేళ్లుగా ఎర్ర దువ్వెన మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. అక్క నవ్వుతూ లోపలికి పోయింది. అరుగుమీద బావగారు పేపరు మడిచారు. మొదటిసారి ఆయన రెండు మాటలకంటే ఎక్కువ మాట్లాడారు.

జుట్టు ఊడింది 1961లో. మూడు నెలల్లో, దిండుమీద గుప్పెడు, స్నానాల గదిలో గుప్పెడు. నిజామాబాద్ డాక్టరు రక్తం తీసి చూశాడు, హైదరాబాద్ పెద్ద డాక్టరు భూతద్దం పెట్టి చూశాడు. ఇద్దరూ కారణం తెలియదన్నారు, పెద్ద డాక్టరు మాత్రం ఇంగ్లీషులో. అక్క రెండు నెలలు గది దాటి రాలేదట. గోడకు తిరిగి పడుకునేదట. అద్దం బట్టలో చుట్టి అటకమీద పెట్టించిందట. ఏమి మాట్లాడాలో తెలియక బావగారు గడపలో కూర్చుని కాంటా దగ్గరి కబుర్లు చెబుతూ ఉండేవారట, ఆమె విన్నా వినకపోయినా.

ఈలోపు బయట వాడ కారణం వెతికింది. ముత్తవ్వ ఒకసారి అక్క జడ దువ్వి, మెచ్చుకుంది. ఒంటరి ముసలిది, గొణుక్కుంటుంది. అంతే సరిపోయింది. చేతబడి అన్నారు, బాణామతి అన్నారు. ఒక మధ్యాహ్నం ఇరవై మంది మా ఇంటి ముందునుంచే వెనక సందులోకి బయల్దేరారు. అలాంటప్పుడు మంత్రాలు పలకకుండా ముసలివాళ్ల పళ్లు రాలగొట్టిన సంగతులు చుట్టుపక్కల అందరూ విన్నవే. బావగారు అడ్డం పోతే పక్కకు నెట్టారు. అప్పుడు గదిలోంచి అక్క వచ్చింది. రెండు నెలల తర్వాత మొదటిసారి, ఉత్త తలతో, కొంగు కూడా లేకుండా, ఆ ఇరవై మంది ముందు నిలబడింది.

"కుంకుడుకాయ కొట్టుడు బద్ధకమై బట్టల సోడతోని తల కడిగిన. సిగ్గుకు చెప్పలే," అందట.

వెనకనున్నవాళ్లు ముందుకు తోసుకొచ్చి ఆ తల చూశారట. తర్వాత ఎవరో నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. ఇంత తెలివితక్కువ ఆడది ఉంటుందా అని మాట్లాడుకుంటూ ఇళ్లకు పోయారు. పక్కనున్న బావగారిని ఒకడు నిజమేనా అని నిలదీశాడట. తన నోటి నుంచి ఆ రెండు మాటలు మొదటిసారి వచ్చింది అప్పుడేనని ఆయన చెప్పారు. వారం తిరిగేసరికి సోడాతో అయితే చర్మం కాలాలి కదా అని ఒకరికి అనుమానం వచ్చింది. అక్క ఇంకో కారణం చెప్పింది. అదీ పాతబడితే మరొకటి.

అక్క చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది.

"తెల్వదు అంటే ఊకోరు చెల్లె," అంది. "ఎవల పేరో ఒకటి దొరికేదాంక ఎతుకుతరు. గందుకే నేనే ఇస్తున్న, ఎన్ని గావాల్నంటె అన్ని."

మరి ముత్తవ్వకు ఈ సంగతి తెలుసా అని అడిగాను. తెలియదట. ఆరోజు ఆ గుంపు తన మేక గురించి కొట్లాటకు వచ్చిందనుకుందట ముసలమ్మ. ఎవరి పెరట్లోనో పొట్లపాదు మేసిందట ఆ మేక. అప్పటినుంచీ దాన్ని రెండు తాళ్లతో కట్టి ఉంచుతోందట. చెప్పేయకూడదా, కనీసం తిట్టడమైనా మానేస్తుంది కదా అన్నాను.

"చెప్తె భయపడ్తది. వాడల నడువాలంటె భయం, నా మొకం జూడాలంటె భయం. తిట్టనియ్యి. నన్ను తిడితెనే ఆమెకు చాయ్ అరుగుతది."

మరునాటి నుంచి ముత్తవ్వ తిడుతుంటే నేనే రెండో కప్పు పోయడం మొదలుపెట్టాను. చక్కెర కూడా ఒక చెంచా ఎక్కువ వేసేదాన్ని. తోటికోడలి సావాసం నన్నూ చెడగొట్టిందని ముసలమ్మ కనిపెట్టింది.

ఆ దసరాకు ముందు నేనూ అక్కా బట్టలు కొనడానికి నిజామాబాద్ బస్సెక్కాం. ఎడపల్లి దాటాక గాలికి అక్క కొంగు జారింది. ఎదురు సీట్లో కూర్చున్న పెద్దావిడ చాలాసేపు చూసి, గొంతు తగ్గించి, ఎవరైనా ఏమైనా చేశారా అని అడిగింది. అక్క నోటినిండా అప్పుడే పెట్టుకున్న పల్లీలు ఉన్నాయి. ఆమె నమిలి మింగేలోపు ఎవరి పేరైనా వచ్చేస్తుందేమోనని నాకు కంగారు పుట్టింది. ఇక నేనే అందుకున్నాను.

"ఎవలేం జెయ్యలే అవ్వా. మా అక్కకు మతిమరుపు. అందరికి ఊడినట్టె ఈమెకు గూడ ఊడినయి. మల్ల మొలిపించుడు మర్సిపోయింది."

అక్క నమలడం ఆపేసింది. నా వైపు చూసిన చూపులో, మొదటిసారి వంట బాగా కుదిరిన కోడలిని చూసే అత్తగారి మెచ్చుకోలు ఉంది. పెద్దావిడ ఈ సంగతిని నాలుగైదు మలుపుల వరకూ నిదానంగా ఆలోచించింది. ఆలోచించి, నిజంగానే జాలిపడింది.

"మరి ఎవలన్న యాది జెయ్యాలె గద బిడ్డా," అంది.

"యాది జేస్తనే ఉన్నరవ్వా," అంది రాధక్క, పల్లీల పొట్లం ఆమె వైపు చాచి. "దినాం ఇద్దరు ముగ్గురు."