చిలుక బొమ్మలో మా బావ గొంతు

పోయిన నెల ఒక తెల్లవారుజామున మా అమ్మాయి ఫోన్ చేసి, "నాయినా, మామ పోయిండు" అంది. పోయినవాడు నా వియ్యంకుడు. ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం. ఈ గద్వాలలోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవాడు.

మీ దగ్గర దాపరికం ఎందుకు, ఆయనంటే నాకు ప్రాణం. ఆయనంటే నాకు కుళ్లు కూడా.

పాడైన వస్తువు కనబడితే చాలు, ఆయనకు పండగే. పాత సెల్‌ఫోన్ స్పీకర్‌ను మట్టికుండలో బిగించి పాటలు వినిపించాడొకసారి. ఇల్లంతా మోగిపోయింది. "కుండ మంచిగున్నది బావా" అని మాత్రమే అన్నాను. నా కడుపుమంట తెలిసి పగలబడి నవ్వాడు మహానుభావుడు!

అత్తగారింట్లో మా అమ్మాయి, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే దారపు కండెలు చుట్టేది. రాట్నం తిప్పి తిప్పి భుజం పట్టేసింది. నేను నొప్పుల నూనె తీసుకుపోయాను. ఆయన మూలన పడ్డ కుట్టుమిషను మోటారు తెచ్చి రాట్నానికి బిగించాడు. స్విచ్ వేయగానే రాట్నం గిర్రున తిరిగింది, పట్టుదారం పుటుక్కున తెగింది. నాకెంత సంతోషమో!

"గట్ల ఉరికిస్తే దారం నిలుస్తదా బావా? జర మెల్లగ!"

వెంటనే పాత ఫ్యాను రెగ్యులేటర్ తగిలించాడు. "ఎంత మెల్లగనో నువ్వే చూపియ్యి" అన్నాడు. నేను గాలిలో రాట్నం తిప్పినట్టు చెయ్యి తిప్పాను. ఆ చేతి వేగానికి మోటారును తెచ్చి ఆపాడు. మా అమ్మాయి మాత్రం వాడకట్టంతా "మా మామ చేసిండు" అనే చెప్పుకుంది.

ఆ తర్వాత శ్రీరంగాపూర్ జాతరలో, మన మాట మనకే అప్పజెప్పే చిలుక బొమ్మ కొన్నాడు. "ఎవలికి బావా?" అంటే "నాకే" అన్నాడు. ఇంటికి రాగానే దాని పొట్ట విప్పి రాట్నానికి కలిపాడు. కండె నిండి, పక్కన ఆయన బిగించిన రేకుముక్కకు తగిలితే మోటారు ఆగిపోయి, ఆయన గొంతు పలికేది: "కండె నిండింది బిడ్డా!"

మా అమ్మాయి వంటింట్లోంచి "వస్తున్న మామా" అనేది. బొమ్మకు జవాబు చూడండి!

నా కూతుర్ని బిడ్డా అని పిలవాల్సింది నేను కదా. "ఒక్కసారి నా గొంతు పెట్టు బావా" అని ఎన్నిసార్లు అడిగానో. "నీ గొంతుకు దారం తెగుతది. నేను పొయినంక పెట్టుకో పో" అని ఏడిపించేవాడు.

దినాలు అయ్యాక మగ్గం మళ్లీ మొదలైంది. చిలుకలో సెల్లు అయిపోవచ్చి ఆయన మాట గొణిగినట్టు వస్తోంది. మా అమ్మాయి చిలుకను నా ముందు పెట్టింది.

"నాయినా, ఈ ఎర్ర బటన్ వత్తి మాట్లాడు. నీ గొంతు పడ్తది."

"మరి మామది?"

"పోతది" అంది. నన్ను చూడలేదు, చిలుకనే చూస్తోంది.

ఇన్నేళ్లూ నేను అడిగింది అదే. వేలు బటన్ మీద పెట్టాను కూడా. తీసేసి, బజారుకు పోయి కొత్త సెల్లు తెచ్చి నా చేతులతో నేనే వేశాను. నా బిడ్డకు అంతటి మామ దొరికాడని తలుచుకుంటే ఇప్పటికీ పొంగిపోతాను. కుళ్లు మాత్రం ఒక్క పిసరు తగ్గలేదు. ఎందుకంటే ఇప్పుడా గొంతు మునుపటికన్నా గట్టిగా వస్తోంది, వీధి మలుపులో ఉండగానే నాకు వినబడుతుంది:

"కండె నిండింది బిడ్డా!"

"వస్తున్న మామా!"